వెర్నా కోసం నింపిన తూటాలు

లెమ్‌హై లోయ, ఐడహో
జూన్ 14, 1987

నా తల్లి వెర్నాకి,

నీ కార్డు అందింది. మూడుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని నాలుగోసారీ చదివాను. అప్పటికీ అందులో అదే మాట ఉంది. వేట లాటరీలో నీకు మూస్ వచ్చింది! గుర్రాన్ని మించిన ఎత్తుండే దుప్పి, అందులోనూ మగది! ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి వసంతంలో నేను దరఖాస్తు పంపుతూనే ఉన్నాను, నా పేరు ఒక్కసారీ పైకి రాలేదు. నువ్వు ఒక్కసారి పంపావు, వచ్చేసింది.

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, యాభై ఏళ్ళు తుపాకుల పక్కన పెట్టిన చెవులు ఇవి. నీ మాట ఒక్కటీ వినపడదు, ఊరికే అరుస్తాను. ఉత్తరమే నయం.

దాణా కొట్టు డెల్మర్‌కి చెప్పాను. "ఏమోయ్ ఆర్న్, జన్మంతా చెయ్యి చాపినా నీకు రాని ముద్ద నీ పిల్ల నోట్లో పడిందే, కుళ్ళుగా లేదూ?" అన్నాడు. "పిల్ల తింటే నా కడుపు నిండినట్టే, నువ్వు పోయి బస్తాలు దించుకో" అన్నాను. దారి పొడుగునా నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. కంచె అవతల ఆవులు నన్ను వింతగా చూశాయి.

నా ముప్ఫై అయిదు సైజు గుండు రైఫిల్ నువ్వే వాడాలి. మూస్‌కి సన్న గుండు చాలదు, మరీ లావు గుండు వెనక్కి తన్ని కాల్చేవాణ్ణే పడగొడుతుంది. ఇది నడిమి రకం. దీనికి కొట్లో తూటాలు దొరకవని నీకు తెలుసు. సైన్యం వాడి పారేసిన ఇత్తడి తొడుగుల మూతి వెడల్పు చేసి, మందు తూచి పోసి, గుండు బిగించి, అన్నీ నేనే చేసుకోవాలి. చేస్తాను! నీ కోసం మొదటినుంచీ కొత్తగా చేస్తాను. సీజన్ సెప్టెంబర్ పదిహేనున కదా మొదలు. బోలెడంత సమయం ఉంది.

మీ నాన్న

*

బ్లాక్‌ఫుట్
జూన్ 28

నాన్నా,

నీ ఉత్తరం షిఫ్టు నుంచి వచ్చాక చదివాను. బంగాళాదుంపల ఫ్యాక్టరీలో ఇప్పుడు వారానికి ఆరు రోజులు. పొద్దున్నుంచీ దుంపలు మోసుకొచ్చే బెల్టు దగ్గర నిలబడి కుళ్ళినవి ఏరుతూంటాం. ఇంటికొచ్చాక కూడా కళ్ళ ముందు దుంపలు దొర్లుతూనే ఉంటాయి.

నీ అల్లుడి నడుము నొప్పి అలాగే ఉంది. కూర్చోగలడు, కొంచెం నడవగలడు, బరువెత్తలేడు. ఈ ఏడు లైల్ వేటకి పోలేడు గనకే నా పేరు మీద దరఖాస్తు పెట్టాం. కిందటేడు ఎల్క్ దుప్పి మాంసం ఏప్రిల్‌లోనే అయిపోయింది. ఫ్రీజర్‌లో ఇప్పుడు బఠాణీలు, మంచు, అంతే. మగపిల్లలిద్దరూ ఎదిగే వయసు, గిన్నెలు కూడా తినేసేలా ఉన్నారు. ఈ మూస్ పడితే చలికాలం గడిచిపోతుంది. పడకపోతే ఏం చేయాలో ఆలోచించే ఓపిక లేదు.

తూటాల కోసం శ్రమపడకు నాన్నా. పాతవి ఏవైనా పడుంటే అవే చాలు.

వెర్నా

*

లెమ్‌హై లోయ
జూలై 19

నా తల్లికి,

పాతవి చాలంటావా! నీకు పాతవి ఇచ్చే తండ్రినా నేను?

చేసిన పని చెప్తాను, విను. రైఫిల్‌కి మనిషిలాగే ఒక రుచి ఉంటుంది. ఒక మోతాదు మందు పోస్తే గుండ్లన్నీ ఒకచోట పడతాయి, పిసరంత పెంచితే తలోవైపు పోతాయి. అది ఏ మోతాదు అడుగుతోందో కాల్చి కనుక్కోవాలి తప్ప వేరే దారి లేదు. తొమ్మిది మోతాదులు రాసుకున్నాను, ఒక్కో దానికి అయిదేసి తూటాలు. ఒక్కొక్క పలుకూ వేలితో తట్టి త్రాసులో పోశాను. ఎండెక్కాక గాలి లేస్తుంది, గొట్టం వేడెక్కుతుంది, అందుకని పొద్దున ఏడు లోపలే కాలుస్తున్నాను. మూడు కాల్చి, గొట్టం చల్లబడేదాకా అరగంట కూర్చుంటాను. అంటే రోజుకి పది తూటాలు దాటవు.

మొదటి నాలుగు మోతాదులూ చెత్త. అయిదోది పర్వాలేదు. ఆరోది చూసి ఎగిరి గంతేశాను, వంద గజాల దగ్గర అంగుళంలో అయిదు చిల్లులు! మర్నాడు మళ్ళీ చేస్తే నాలుగంగుళాలు. రెండు రోజులు త్రాసుని తిట్టాను, మందుని తిట్టాను, నన్ను నేనూ తిట్టుకున్నాను. తీరా చూస్తే మధ్యలో మందు డబ్బా మారింది. పేరు అదే, రంగు అదే, బలం వేరు. మళ్ళీ మొదటి మోతాదు నుంచి అన్నీ మొదలు.

అలిసిపోయాను వెర్నా, అబద్ధం చెప్పను. మధ్యాహ్నం కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికి గాని లేవడం లేదు. అయినా పొద్దున్నే మెలకువ వచ్చేస్తోంది. మీ అమ్మ పోయాక నాకు మెలకువ రావడానికి ఒక కారణం ఉండటం ఇదే మొదలు.

మీ నాన్న

*

లెమ్‌హై లోయ
ఆగస్టు 9

వెర్నా, వెర్నా,

అయింది! కొత్త డబ్బాతో ఏడో మోతాదు, బరువు గుండు. మూడు పొద్దులు వరసగా కాల్చాను. మూడుసార్లూ అంగుళం లోపలే! నా జన్మలో ఇంత మంచి తూటా చేయలేదు. నలభై నింపాను. తూటాలు పోస్టులో పంపనివ్వరు కాబట్టి డెల్మర్ దాణాకి మీ వైపు వచ్చినప్పుడు రైఫిల్‌తో సహా అప్పగిస్తాడు. "దారిలో కాల్చుకుంటా, రెండు పోతే తెలుస్తుందేంటి?" అన్నాడు వెధవ. "నలభై, పేరుపేరునా తెలుసు" అన్నాను.

నువ్వు కంకర గుంటలో గురి కాగితం మీద కాల్చి ఆ కాగితం నాకు పంపాలి. అదొక్కటే నాకు కావాల్సింది. నీ చిల్లులు చూడాలి.

మీ నాన్న

*

బ్లాక్‌ఫుట్
ఆగస్టు 23

నాన్నా,

రైఫిల్ అందింది. తూటాలూ అందాయి. కాగితం ఇందులో పెట్టాను. బాగా పడ్డాయి కదా.

ఓవర్‌టైము ఉంది. తర్వాత రాస్తాను.

వెర్నా

*

లెమ్‌హై లోయ
ఆగస్టు 30

నా బంగారు తల్లికి,

అంగుళంన్నర! అయిదూ! ఇరవై రెండేళ్ళుగా తుపాకీ ముట్టని పిల్ల, నిలబడి నిలబడి కాళ్ళు వాచిన పిల్ల, మొదటిసారే అంగుళంన్నర! కవరు చింపి ఆ కాగితం వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. చిల్లుల్లోంచి వంటగది కిటికీ కనపడింది. డెబ్భై ఆరేళ్ళ ముసలాణ్ణి, సింకు దగ్గర నిలబడి ఏడ్చాను, చెప్తే సిగ్గు.

డెల్మర్ కొట్టుకి పట్టుకెళ్ళి కాఫీ కుండ పైన గోడకి మేకు కొట్టి పెట్టాను. అందరూ చూశారు. డెల్మర్ ముక్కు మీదికి కళ్ళజోడు లాక్కుని, "ఇది మీ పిల్ల కాల్చిందా, లేక నువ్వు పెన్సిల్‌తో పొడిచావా?" అన్నాడు. "పెన్సిల్ అంచులు ఇలా ఉంటాయా గుడ్డోడా" అన్నాను. "అయితే ఇంకనుంచి ఆమెనే పిలిచి తూటాలు చేయించుకో, నువ్వు దుంపలు ఏరడానికి పో" అన్నాడు. ఎంత నవ్వారో! ఆ రోజు అందరి కాఫీకీ డబ్బులు నేనే ఇచ్చాను.

చాలా కాలం తర్వాత నా ఇంటి పేరు గోడ మీద ఉంది తల్లీ.

మీ నాన్న

*

బ్లాక్‌ఫుట్
సెప్టెంబర్ 7

నాన్నా,

ఆ కాగితం గోడ మీద నుంచి తీసెయ్యి. ఆ చిల్లులు నావి కావు, లైల్‌వి. నడుముకి పట్టీ కట్టుకుని, ట్రక్కు బానెట్ మీద దుప్పటి పరిచి కాల్చాడు. తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు.

నేనూ కాల్చాను. మొదటి తూటాకే భుజం పోయిందనుకున్నాను. గురి చూసే స్కోప్ కనుబొమ్మకి కొట్టుకుంది. రెండో దానికి పేలకముందే కళ్ళు మూసుకున్నాను. లైల్ చూశాడు. అయిదింటిలో రెండు కాగితానికి తగిలాయి, మిగతావి ఎటు పోయాయో. ఆ ఏడో మోతాదు కోసం వేసవంతా నువ్వు పడిన పాట్లు చదివాక ఆ కాగితం నీకెలా పంపను?

ఇంకొకటి కూడా ఉంది. ఒకటి చెప్పాక రెండోది దాచడానికి ఓపిక లేదు.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు హేడెన్ వాగు పైన ఆడ ఎల్క్ మీద కాల్చాను, గుర్తుందా? తప్పిపోయిందని నీతో చెప్పాను. "పోన్లే తల్లీ, గాలికి తగిలితే నయమే, గాలికి నొప్పి ఉండదు" అన్నావు. తప్పలేదు నాన్నా. అప్పుడూ కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది వెనక కాలు ఈడుస్తూ ఫిర్ చెట్లలోకి పోతోంది. సేజ్ పొద మీద నెత్తురు చూశాను. మంచు పడటం మొదలైంది. చలి, అలసట, నువ్వేమంటావోనన్న భయం. వెనక్కి తిరిగి వచ్చి నీకు అబద్ధం చెప్పాను. ఆ రాత్రి భోజనాల దగ్గర, జంతువుని గాయపరిచి వదిలేసే మగాళ్ళని నువ్వు ఎప్పుడూ తిట్టే తిట్లు తిట్టావు. వేరే ఎవరినో. నేను రొట్టె నముల్తూ కూర్చున్నాను.

అందుకే మళ్ళీ తుపాకీ ముట్టలేదు. పిల్లల పని అని, టైము లేదని నీకు చెప్తూ వచ్చాను. ఇప్పుడు ఫ్రీజర్ ఖాళీగా ఉంది గనక ముట్టాను. అంతే.

సీజన్ వచ్చే వారం. వెళ్ళను అనుకుంటున్నాను.

వెర్నా

*

లెమ్‌హై లోయ
సెప్టెంబర్ 12

వెర్నా,

రెండు రోజులు నీకు రాయలేకపోయాను. కాగితం ముందు పెట్టుకుని కూర్చోవడం, లేచిపోవడం.

మొదట కోపం వచ్చింది. దాచను. ఆ ఎల్క్ ఎన్నాళ్ళు కుంటిందో అని. నువ్వు చెప్పుంటే లాంతరు పట్టుకుని ఇద్దరం వెళ్ళేవాళ్ళం, దొరికేదాకా వెతికేవాళ్ళం. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది, అది మొదటి దానికంటే చేదు. నెత్తురు చూసిన పిల్ల, తండ్రి దగ్గరికి పరుగెత్తుకుంటూ రావాల్సిన పిల్ల, అబద్ధం తయారు చేసుకుంటూ వచ్చిందంటే ఆ తండ్రి ఎలాంటివాడై ఉండాలి? భోజనాల దగ్గర ఎవరికో తగలాలని తిట్టిన తిట్లు ఎవరికి తగిలాయో ఇరవై రెండేళ్ళకి తెలిసింది.

నువ్వు చెప్పావు గనక నేనూ చెప్తాను.

ఆ ఏడో మోతాదు నేను కూడా భరించలేను. బల్ల దగ్గర కూర్చుని కాల్చేటప్పుడు తుపాకీ మడమకీ నా భుజానికీ మధ్య సీసపు రవ్వలు నింపిన గోనె సంచి పెట్టుకున్నాను. పన్నెండు కిలోలు. తన్నంతా అది తిన్నది. మూడేళ్ళ నుంచి అలాగే కాలుస్తున్నాను, ఎవరికీ చెప్పలేదు. డెల్మర్ వస్తే సంచి బల్ల కిందకి తోసేసేవాణ్ణి. అంగుళంలో పడిందని నేను గంతులేసిన చిల్లులన్నీ ఆ సంచి కాల్చినవి. వేసవంతా కష్టపడి, మన ఇంట్లో ఒక్క మనిషీ భుజాన పెట్టి ఓర్చుకోలేని తూటా తయారు చేశాను. అది నీకు పంపి, నీ చిల్లులు చూపించమన్నాను.

తూటా రుచి రైఫిల్‌ని అడిగాను. నిన్ను అడగలేదు.

రైఫిల్, మిగిలిన తూటాలు డెల్మర్‌కి ఇచ్చి పంపు. సీజన్ నవంబర్ ఇరవై మూడు దాకా ఉంది. వెళ్ళొద్దనుకుంటే వద్దు, నేనేమీ అనను. కానీ తూటాలు మాత్రం వెనక్కి పంపు. అవి నీ ఇంట్లో ఉండకూడదు.

నాన్న

*

లెమ్‌హై లోయ
సెప్టెంబర్ 30

నా తల్లికి,

వెనక్కి వచ్చిన ముప్ఫై తూటాలనూ విప్పేశాను. గుండు ఊడదీసే సుత్తి ఒకటి ఉంటుంది కదా, తూటాని అందులో బిగించి మొద్దు మీద కొడితే గుండు బయటికొస్తుంది. ఒక్కోదానికి నాలుగు దెబ్బలు. పని పూర్తయ్యేసరికి మణికట్టు వాచింది. ఆ మందు పెరట్లో మట్టి మీద పోశాను.

ఇప్పుడు తేలిక గుండు పెట్టాను, పుస్తకంలో ఆ గుండుకి రాసిన మందుల్లో అన్నిటికంటే నెమ్మదిగా తన్నేదాన్ని కింది మోతాదులో పోశాను. సంచి లేకుండా కాల్చాను. ముసలి భుజం ఓర్చుకుంది, పది కాల్చినా కాఫీ కప్పు ఎత్తగలిగాను. వంద గజాల దగ్గర మూడంగుళాలు పడుతోంది. అవును, మూడు! నలభై ఏళ్ళలో మూడంగుళాల తూటాని నా చేత్తో ఇంకొకరికి ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను, రైఫిల్‌తో పాటు డెల్మర్ తెస్తాడు. మూస్ గుండె పళ్ళెమంత ఉంటుంది.

బల్ల వద్దు. కాగితం పళ్ళేన్ని కర్రకి గుచ్చు. నలభై అడుగుల నుంచి మొదలుపెట్టు, మోకాలి మీద కూర్చుని. అయిదింటికి అయిదు పళ్ళెంలో పడితే పది అడుగులు వెనక్కి పో. ఒక్కటి బయటికి పోయిన చోట ఆగు. అంతకు ముందు ఆగిన దూరం నీది. అంతకు మించి వేటలో కాల్చకు. ఆ దూరం ఎంత తక్కువైనా సరే.

డెల్మర్ కొట్టులో కాగితం తీసేశాను. "ఏమైంది?" అన్నాడు. "మా అల్లుడు కాల్చింది అది" అన్నాను. సంచి సంగతి కూడా చెప్పాను. నాకు కాఫీ పోసి ఇచ్చాడు. తర్వాత, "నాకెప్పుడో తెలుసులే, బల్ల కింద నుంచి సీసపు రవ్వలు కారుతూ ఉండేవి, మీ ఇంటి ఎలుకలు అంత బరువైన పెంటికలు వేస్తున్నాయేంటి అనుకున్నా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నాకెంత తేలికైందో!

మీ నాన్న

*

బ్లాక్‌ఫుట్
అక్టోబర్ 18

నాన్నా,

కళ్ళు మూయలేదు. ముందు అది చెప్పాలి. మొదటి రెండింటికీ మూసుకుపోతాయేమోనని పళ్ళు బిగించాను, తర్వాత మర్చిపోయాను. భుజం కందలేదు.

తొంభై అడుగుల దగ్గర అయిదుకి అయిదు. నూటపది దగ్గరా అయిదు. నూట ఇరవై దగ్గర ఒకటి అంచు దాటింది. రెండు పళ్ళేలూ పంపుతున్నాను. నాదీ, నా తప్పుదీ.

నూటపది అడుగులంటే ఎంత దగ్గరో తెలుసా? మన గొడ్ల పాక నుంచి గేటు దాకా. "మూస్‌ని ఇంటికి పిలిచి కాఫీ ఇస్తావా ఏంటి?" అన్నాడు లైల్. వచ్చే ఆదివారం పోతాం.

వెర్నా

*

బ్లాక్‌ఫుట్
నవంబర్ 23

నాన్నా,

అయిపోయింది. సీజన్ ఈ రోజుతో ఆఖరు.

అయిదు ఆదివారాలు పోయాం. పెద్దాడు ట్రక్కు నడిపాడు, లైల్ బైనాక్యులర్‌తో లోపల కూర్చునేవాడు, నేను నడిచేదాన్ని. మొదటి మూడు వారాలూ గుర్తులు తప్ప ఏమీ లేదు. నాలుగో వారం ఆడమూస్, దూడ. నిన్న పొద్దున వాగు వంపులో, విల్లో పొదల మధ్య మగది కనపడింది. నాన్నా, దాన్ని చూడాల్సింది నువ్వు. కొమ్ముల మీద మంచు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి తింటోంది, నా వైపు పక్క పెట్టి.

మోకాలి మీద కూర్చున్నాను. అడుగులు లెక్కేశాను కళ్ళతోనే. రెండొందలు ఉంటుంది. పొదల చాటున పాకాను. చేతి తొడుగులు తడిసిపోయాయి. నూట అరవైకి వచ్చాను, నా నూటపదికి ఇంకా యాభై. అక్కడ నుంచి ముందుకు ఏ చాటూ లేదు, ఉత్త మంచు. స్కోప్‌లో దాని భుజం తలుపంత కనపడుతోంది. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. భయం కూడా లేదు. పడుతుందేమో అనిపించింది. 'ఏమో' అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు. అది తల ఎత్తింది, నీళ్ళు కారుతూ అవతలి గట్టు ఎక్కింది, పోయింది. తొందర కూడా పడలేదు.

లైల్ ట్రక్కులోంచి అంతా చూశాడు. "అయిదు నెలల మాంసం అది వెర్నా" అన్నాడు. అంతే అన్నాడు. పెద్దాడు ఇంటి దాకా మాట్లాడలేదు. నేను తప్పు చేశానో ఒప్పు చేశానో ఆలోచించే శక్తి లేదు నాన్నా, కాళ్ళు ఇప్పటికీ వెచ్చబడలేదు. రేపు ఆరింటికి షిఫ్టు.

డెల్మర్ రేపు ఫ్యాక్టరీ వైపే వస్తున్నాడట. రైఫిల్, మిగిలిన తూటాలు అతనికిచ్చి పంపుతున్నాను. నీ వేసవంతా వృథా చేశాను. క్షమించు.

వెర్నా

*

లెమ్‌హై లోయ
డిసెంబర్ 2

వెర్నా! నా తల్లీ! నా తల్లీ!

క్షమించాలా? ఏం మాట అది! నీ ఉత్తరం పట్టుకుని ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాను, మంచులో, చెప్పులతో. నేల మీద కాలు నిలవలేదు. డెబ్భై ఆరేళ్ళలో ఎన్ని వేట కబుర్లు విన్నానో, ఎన్ని చెప్పానో, అన్నీ పడినవాటి గురించే. ఇలాంటిది ఒక్కటి వినలేదు. తలుపంత భుజం, ఆఖరి రోజు ముందు రోజు, ఇంట్లో ఖాళీ ఫ్రీజర్, ట్రక్కులో చూస్తున్న మొగుడు. వేలు తీసేసింది! నా కూతురు! నేనైతే కాల్చేసేవాణ్ణి తల్లీ. ఒట్టు. నా గర్వం నా వేలిని ఆగనిచ్చేది కాదు.

లైల్‌తో చెప్పు, అతను అన్నమాట నిజమే. అయిదు నెలల మాంసమే అది. అందుకని విను.

నా దగ్గర ఆడ ఎల్క్ అనుమతి ఉంది, డిసెంబర్ ఆఖరు దాకా చెల్లుతుంది. ఈ ఏడు వాడదలచుకోలేదు, ఓపిక లేదనుకున్నాను. సోమవారం డెల్మర్ రైఫిల్ తెచ్చి ఇచ్చాడు. నిన్న పొద్దున ఎల్క్‌లు కొండ దిగి గడ్డివామి దగ్గరికి వచ్చాయి, పధ్నాలుగు. నేను కంచె స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను, భుజానికి ఏ అడ్డూ లేకుండా, నీ తూటాతో. ఎనభై అడుగుల దాకా రానిచ్చాను. చేతులు వణికినప్పుడల్లా తుపాకీ దించాను. మూడుసార్లు దించాను. నాలుగోసారి కాల్చాను. నిలబడిన చోటే కూలింది.

డెల్మర్, అతని తమ్ముడు వచ్చి పాకలో వేలాడదీశారు. నాకు వంగే ఓపిక లేక బకెట్ మీద కూర్చుని ఇటు లాగండి, అటు లాగండి అని అజమాయిషీ చేశాను. "కాల్చింది ఒకడు, మోసేది ఇద్దరు, కూర్చున్నవాడికి నోరు మాత్రం అలిసిపోదు" అన్నాడు డెల్మర్. చల్లగా ఉంది కాబట్టి వారం దాకా ఏమీ కాదు. నాకు ఒక వెనక కాలు చాలు, తతిమ్మాదంతా మీదే. కోసి కట్టడం ఒక్కణ్ణే చేయలేను, నిజంగానే చేతకావడం లేదు. శనివారం పిల్లల్ని తీసుకుని రా. లైల్‌ని కూడా తీసుకురా, కుర్చీలో కూర్చుని మాంసానికి కాగితం చుడతాడు. కత్తులు నూరి ఉంచుతాను.

పెద్దాడు నీతో మాట్లాడకపోతే బలవంతపెట్టకు. బల్ల దగ్గర నా పక్కన నిలబెడతాను, పనిలో ఉన్నప్పుడు నేనే చెప్తాను. వాడు ఏ రోజైనా తప్పు చేస్తే పరుగెత్తుకుంటూ రాగలిగే ఇల్లు మీది కావాలి.

నీ మూస్ ఈపాటికి ఎక్కడో మంచులో విల్లో కొమ్మలు నములుతూ ఉంటుంది. దాని ఒంట్లో మన సీసం లేదు. నాలుగు కాళ్ళ మీద నడుస్తోంది.

దారిలో మంచు గడ్డ కట్టి ఉంటుంది, నెమ్మదిగా నడపమను.

మీ నాన్న